స్పాంజి

పలకలు తుడుచుటకును, తపాలా బిళ్ళలు తడుపుటకును వాడెడి స్పాంజిముక్కను మన సోదరీమణు లందఱు నెఱుగుదురు. ఇప్పుడు బజారున దొరకునవి చాలవఱకు యంత్రశాలలలో చేయబడినవే. అసలు స్పాంజి సముద్రమున బ్రదుకు ప్రాణి. మా యింటికి వచ్చు పొరుగువారిలో కొందఱు దానిని నేతిబీర పీచువలె నొక కాయ పీచని తలంతురు. నేతిబీరకాయలో నేయి యెంతయో స్పాంజిలో కాయతనము నంతియే.

దానికి నోరు లేదు, కడుపు లేదు, నెత్తురు లేదు. ఒడలెల్ల సన్నని రంధ్రములు. వానిద్వారా నీటిని లోనికి బీల్చి, అందలి సూక్ష్మజీవులను తిని, ఆ నీటిని పెద్ద రంధ్రములగుండ వెలికి విడుచును. ఱాతి నంటుకొని కదలక యుండుటచే, ఇది మొక్కయా జంతువా యని పండితులు సైతము చిరకాలము తర్కించిరి. నల్లని జిగురుతోలు గల యా ప్రాణిని కాళ్ళతో త్రొక్కి, క్రుళ్ళనిచ్చి, పలుమాఱులు కడుగగా మిగిలిన యస్థిపంజరము వంటి పీచే మన చేతికి వచ్చు మెత్తని వస్తువు. ఈ సంగతి వినినది మొదలు మా యత్తగారు మావారి బల్లమీది ముక్కను ముట్టరు. అది కృత్రిమమైనదని యెంత చెప్పినను వినరు.

గ్రీసు దేశమున దీని వాడుక మిక్కిలి ప్రాచీనము. హోమరు కావ్యములలోనే భోజనపు బల్లలను స్పాంజితో తుడుచుట కలదు. ఏజియను సముద్రమందలి కాలిమ్నోసు దీవి యీ వృత్తికి పేరు పడినది. అది ఱాతినేల, పంట స్వల్పము. అందుచే పురుషులు తరతరములుగా సముద్రమున మునిగి స్పాంజి గోసి బ్రదికిరి. పూర్వము 10, 15 కిలోల చదునైన ఱాతిపలకను చేతబట్టి, దాని బరువుతో నడుగునకు దిగి, ఒక్క యూపిరిలో చేతనైనంత కోసికొని, త్రాటి సాయమున పైకి వచ్చెడివారు.

1860 ప్రాంతమున లోహపు శిరస్త్రాణమును, పైనుండి గొట్టముద్వారా గాలి పంపు యంత్రమును వచ్చినవి. మునిగినవారు లోతున చాలసే పుండగలిగిరి, రాబడి పెరిగెను. కాని లోతున నీటి యొత్తిడిచే గాలిలోని నత్రజని రక్తమున కరగును. మనుష్యుడు త్వరగా పైకి వచ్చెనేని, సోడాబుడ్డి తెఱచినప్పటివలె నది బుడగలై పొంగి, ప్రాణము తీయును, లేదా కాళ్ళు పడిపోవ జేయును. ఈ కారణమును పాల్ బెర్ట్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1878లో వివరించెను. ఎంత లోతునుండి యెంత మెల్లగా రావలెనో హాల్డేను 1908లో పట్టికలు ప్రకటించెను. ఆ జ్ఞానము పడవలకు చేరులోపల నెందఱు స్త్రీలు పసుపుకుంకుమలవంటి తమ భాగ్యమును గోలుపోయిరో!

ఈస్టరు పండుగ వెళ్ళినపిదప నావలు కదలెడివి. మరల శరత్కాలమున గాని వచ్చెడివి కావు. బయలుదేరుటకు ముందే పురుషుడు కొంత సొమ్ము పుచ్చుకొనును. ఇల్లాలు దానితో నప్పులు తీర్చి, పిల్లలను పోషించుచు నెదురుచూచును. పుచ్చుకొన్న సొమ్ము తీఱువఱకు వాడు మునుగక తప్పదు. ఆ దీవిలో మిహానికోసు అను నృత్యమొకటి నేటికిని గలదు. అందు నాయకుడు చేతికఱ్ఱపై నానుకొని, వణకు కాళ్ళతో, పడిపోయిన దేహము గల గజ ఈతగానివలె నడుగులు వేయును. చూచువారికి వేడుకయే కావచ్చును. మాకు మాత్రము దానిని నాట్య మనుటకు నోరు రాదు.

కృత్రిమ వస్తువులు వచ్చుటయు, 1986 మొదలు మధ్యధరా సముద్రమున స్పాంజులకు తెగులు సోకుటయు నీ వృత్తిని చాల తగ్గించినవి. వైద్యమున మాత్రము వీని విలువ పెరిగినది. కరీబియను సముద్రపు స్పాంజిలో 1950 ప్రాంతమున కనుగొన్న పదార్థములు రక్తపు క్యాన్సరు మందొకదానికి దారి చూపినవి. జపాను స్పాంజి నుండి తెలిసిన వేఱొక పదార్థము ననుసరించి, రొమ్ము క్యాన్సరునకు చేసిన మందు 2010లో అమెరికాలో నంగీకరింపబడెను. ఇవి ప్రయోగశాలలో చేయునవే. స్పాంజి దారి చూపినదంతే.

ఆఫ్రికా తీరమందలి జాంజిబారు దీవిలో జంబియాని యను పల్లె కలదు. అచ్చట సముద్రపు నాచు సాగు గిట్టుబాటుగాని స్త్రీలు కొందఱు స్పాంజి సాగునకు దిగిరి. ఈత రానివారు ముందు ఈత నేర్చిరి. స్పాంజిని ముక్కలుగా కోసి, త్రాళ్ళకు గ్రుచ్చి, లోతు తక్కువ నీటిలో కట్టుదురు. ముక్క ముక్కయు మరల స్పాంజియై పెరుగును. వారు తలగుడ్డలు బిగించుకొని, నీటిలో నిలిచి, త్రాళ్ళకు పట్టిన నాచును చేతులతో తీసివేయుచుందురు. ఎదిగినవానిని కడిగి, ఎండబెట్టి, తామే యమ్ముకొందురు.