రెండు గీతల అక్షరం

చైనా భాషలో క్రియకు కాలభేదం లేదని విని సంతోషించిన విద్యార్థి, ‘లె’ అనే చిన్న పదం ఎదురుకాగానే తికమకపడతాడు. భూతకాల ప్రత్యయమనుకుందామంటే, ‘రేపు భోంచేసి వస్తాను’ అన్నచోటా అది వస్తుంది. ‘నిన్న వెళ్లలేదు’ అన్నచోట రాదు. నిజానికి క్రియ వెంట నిలిచిన ‘లె’ తెలిపేది కాలాన్ని కాదు, పని పూర్తికావడాన్ని.

అసలు చిక్కు రెండవ ‘లె’తో. ‘జూ లె సాన్ న్యెన్’ అంటే మూడేళ్లు నివసించడం. సాధారణంగా ఆ నివాసం ముగిసినట్లే. చివర మరొక ‘లె’ చేరిందా, మూడేళ్లు నిండినా అది ఇంకా సాగుతున్నదన్నమాట. తెలుగువారికి ఇది మరీ కొత్తేమీ కాదు: ‘మూడేళ్లు ఉన్నాను’ అనడానికీ, ‘మూడేళ్లుగా ఉన్నాను’ అనడానికీ నడుమ ‘గా’ చేసే పని ఇదే. అయినా తొందరలో రెండు గీతల ఆ చివరి అక్షరం కంటబడదు. బీజింగ్‌లో కాపురమున్న మనిషి, అనువాదంలో ఊరు విడిచి వెళ్లిపోతాడు.