అరిగిన రాయి ఎటు పోయింది?

విజయనగరం జిల్లా సంగం దగ్గర ఓ పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు, ఒంటరిగా ఉంటున్న తల్లిని తీసుకెళ్లడానికి వచ్చాడు. సామాన్లన్నీ సర్దాడు. సన్నికల్లు మాత్రం వద్దన్నాడు.

‘మిక్సీ ఉంది కదమ్మా!’

‘దీన్నొగ్గీసి నాను రాను బాబూ...’ అందామె. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని ఏటికి వెళ్లాడు. నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే చోటది. పాప నున్నటి గులకరాయి ఏరి అడిగింది... ‘నీళ్లు మెత్తగా ఉంటాయి కదా నాన్నా, రాయినెలా అరగదీశాయి?’

నిజానికి అరగదీసింది నీళ్లు కాదు, అవి మోసుకొచ్చిన ఇసుక! ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన నాగావళి, సముద్రాన్ని చేరేలోపు సుమారు 250 కిలోమీటర్లు నడుస్తుంది. వరదొస్తే రాళ్లు దొర్లి ఒకదాన్నొకటి ఢీకొంటాయి. మొదట మూలలు పోతాయి. ఆపైన ఇసుక రుద్ది నునుపు చేస్తుంది. తూర్పు కనుమల్లోని ఖోండలైట్ రాయికి ఖోండు గిరిజనుల పేరే పెట్టారు. అందులోని గట్టి గార్నెట్ రేణువులే శ్రీకాకుళం తీరంలోని ఇసుకలోనూ కనిపిస్తాయి. చెక్కను నునుపు చేసే ఉప్పుకాగితాల తయారీలోనూ గార్నెట్‌ను వాడతారు.

గాలిదీ ఇదే పద్ధతి. ఎగిరే ఇసుక ఎక్కువగా నేలకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి ఎడారుల్లో కొన్ని రాళ్లు మొదట్లోనే ఎక్కువ అరుగుతాయి. హిమాలయాల్లో హిమానీనదాల అడుగున ఇరుక్కున్న రాళ్లు, కింది బండపై గీతలు గీస్తూ కదులుతాయి. వట్టి నీరు, వట్టి గాలి, వట్టి మంచు చేయలేని పనిని వాటిలోని రేణువులు చేస్తాయి. గీసేవి కూడా అరుగుతాయి. అదే తమాషా!

ఇంటికొచ్చాక అతను సన్నికల్లును తడిమి చూశాడు. మధ్యలో గుంట పడింది. ఎడమ పక్క మరికాస్త లోతు. పొత్రం కూడా సన్నబడింది.

‘మీ నానమ్మది ఎడమచేతి వాటం. ఆ పక్క ఆవిడది, ఈ పక్క నాది’ అంది తల్లి.

‘ఇంత రాయి అరిగిపోయిందే, అదంతా ఎటు పోయిందమ్మా?’

‘ఎటు పోతాది? మీ అయ్యా, నువ్వూ తినీసినారు!’

పాప పకపకా నవ్వింది. అతను నవ్వబోయి ఆగిపోయాడు. యాభై ఏళ్ల పచ్చళ్లూ పులుసులూ గుర్తొచ్చాయి కాబోలు.

మర్నాడు కారులో అన్నిటికంటే ముందు ఎక్కింది సన్నికల్లే. పొత్రం పాప ఒళ్లో ఉంది.