దారిచ్చే బలవంతుడు

మిర్యాలగూడ స్టేషన్లో జన్మభూమి ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూస్తుంటాం. పక్క పట్టాల మీద ఓ గూడ్సుబండి ఆగి ఉంటుంది. ‘ఇదెప్పుడు కదుల్తుందో’ అని విసుక్కుంటామే తప్ప దాని వంక సరిగ్గా చూడం. జన్మభూమి వస్తుంది, ఎక్కేస్తాం, వెళ్లిపోతాం. గూడ్సు మాత్రం అక్కడే... సిగ్నల్ కోసం!

నిజానికి మనకు అది అడ్డం రాలేదు. దానికే మనం అడ్డం వచ్చాం.

ఈసారి రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి ఆ ఇంజనును ఓసారి చూడండి. దాని మీద ‘డబ్ల్యూఏజీ-9’ అని రాసి ఉండొచ్చు. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, జీ అంటే గూడ్సు. దాని బలం 6,120 హార్స్‌పవర్! 1996లో ఏబీబీ సంస్థ నుంచి తొలి ఇంజన్లు మన దేశానికొచ్చాయి. రెండేళ్లకే, 1998లో, పశ్చిమబెంగాల్లోని చిత్తరంజన్ కర్మాగారం సొంతంగా ఒకటి తయారుచేసి ‘నవయుగ్’ అని పేరు పెట్టింది.

దీని గుట్టు రైతుకి ఇట్టే అర్థమవుతుంది. బోరు మోటారుకి త్రీఫేజు కరెంటు కావాలి కదా, ఈ ఇంజన్లోని ఆరు మోటార్లూ ఆ జాతివే. పైనున్న తీగలో వచ్చేది 25,000 వోల్టుల సింగిల్ ఫేజు. దాన్ని ఇంజన్లోని ఎలక్ట్రానిక్ పరికరాలు త్రీఫేజుగా మార్చి మోటార్లకిస్తాయి. పల్లంలో వేగం తగ్గించేటప్పుడు అవే మోటార్లు జనరేటర్లయిపోయి కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి. ఇంత చేసినా, వానకు తడిసిన పట్టాల మీద చక్రం జారితే మాత్రం పాతకాలపు చిట్కానే... చక్రం ముందు కాస్త ఇసుక చల్లడం!

ఇంత బలం ఎందుకంటే, మిర్యాలగూడను చూస్తే తెలుస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే ధాన్యం, ఊరి చుట్టూ బారులు తీరిన రైసుమిల్లులు. ఒక గూడ్సుకి నలభై రెండు పెట్టెలు తగిలిస్తే దాదాపు 2,600 టన్నుల బియ్యం పడుతుంది. అదే లారీలకెత్తితే, బండికి పాతిక టన్నుల చొప్పున, వందకు పైనే కావాలి. ఇక్కడి అన్నం ఏ రాష్ట్రంలో ఎవరి కంచంలోకి వెళ్తుందో మనకి తెలియదు. తీసుకెళ్లేది మాత్రం ఇదే.

కాస్త ముందుకెళ్తే విష్ణుపురం, కృష్ణ ఒడ్డున సిమెంటు సీమ. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. దానికి బొగ్గు చేరేదీ రైల్లోనే. కరెంటుతో నడిచే ఇంజను, కరెంటు కోసం బొగ్గు మోసుకెళ్లడం... బావుంది కదూ!

ఇలా దారిచ్చే బలవంతుడు జపాన్లోనూ ఉన్నాడు. 1996 నుంచి అక్కడ పరుగెడుతున్న గూడ్సు ఇంజను ‘ఈఎఫ్210’. ముద్దుపేరు మొమొతారో. పీచ్ పండులోంచి పుట్టి రాక్షసుల్ని ఓడించిన పిల్లాడి కథ వాళ్ల ఇంటింటా తెలుసు. ఆ కథకు పేరుమోసిన ఒకయామా ఊరి షెడ్డుకే తొలి ఇంజన్లు చేరాయి కాబట్టి ఆ పేరు. అది లాగేది 1,300 టన్నుల దాకా. అక్కడ గూడ్సు సంస్థ బళ్లు చాలావరకు ప్రయాణికుల రైలు కంపెనీల పట్టాల మీదే నడవాలి. అంటే మొమొతారో కూడా వాళ్లిచ్చిన వేళకే కదలాలి!

జపాన్ ఇంజన్లు తెలుగు నేలకు కొత్తేం కాదు. 1980ల చివర్లో హిటాచీ తయారుచేసిన పన్నెండు ఇంజన్లు విశాఖ వాల్తేరు షెడ్డుకొచ్చి, అరకు కొండల మీదుగా ఇనుప ఖనిజం లాగాయి. ఇప్పుడవి లేవు.

మళ్లీ మన లైనుకొద్దాం. బీబీనగర్ నుంచి నడికుడి దాకా 1974లో మొదలైన పని 1989కి గానీ పూర్తికాలేదు. అదీ ఒంటి లైను. ఎదురుగా ఏ రైలొచ్చినా గూడ్సు పక్కకు తప్పుకోవాల్సిందే. గుంటూరు-బీబీనగర్ రెండో లైనుకు కేంద్రం 2023లో ఆమోదం తెలిపింది. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు మీదుగా సాగే మోటమర్రి-విష్ణుపురం మార్గానికి 2024లో.

ఆ మేళ్లచెరువుకు కోదాడ ఎంతో దూరం లేదు. అయినా కోదాడ ఊళ్లో స్టేషను లేదు, జిల్లా కేంద్రమైన సూర్యాపేటలోనూ లేదు. హైదరాబాద్-విజయవాడ హైవే మీద బస్సులు, లారీలే ఆ రెండు ఊళ్లకూ దిక్కు. కోదాడ నుంచి రైలెక్కాలంటే హుజూర్‌నగర్, నేరేడుచర్ల దాటి మిర్యాలగూడకో, మరో పక్క ఖమ్మానికో పోవాలి. రెండో లైను పడితే గూడ్సుకి ఆగే బాధ తగ్గుతుంది. అప్పుడు ప్రయాణికుల బళ్లకూ చోటు దొరుకుతుంది. సిమెంటు బస్తా రైలెక్కుతున్న జిల్లాలో మనిషి కూడా ఎక్కాలనుకోవడం అత్యాశేం కాదుగా!

అందాకా, మిర్యాలగూడలో గూడ్సు ఆగి కనిపిస్తే విసుక్కోకండి. మనల్ని ముందు వెళ్లమని పక్కకు జరిగింది. రాత్రి మీ కంచంలోని అన్నం కూడా ఎక్కడో ఇలాగే ఆగి వచ్చిందేమో!