కాలువలో పడవ

నాకు ఎక్కాలకన్నా ముందు రంగులు వచ్చాయి. తెలుపు-నీలం ఒకటి, తెలుపు-నారింజ రెండు, తెలుపు-ఆకుపచ్చ మూడు, తెలుపు-గోధుమ నాలుగు, తెలుపు-బూడిద అయిదు. ఆరో నంబరుకి తెలుపు పోయి ఎరుపు వస్తుంది. ఆ తర్వాత నలుపు, పసుపు, ఊదా. అయిదు అయిదులు ఇరవై అయిదు. ఊదా-బూడిద దగ్గర లెక్క ఆగి మళ్ళీ మొదటికొస్తుంది. టెలిఫోను కేబులు పొట్ట కోస్తే లోపల జంటలు జంటలుగా మెలేసుకుని ఉండే రాగి తీగల లెక్క అది. మా నాన్న లైన్‌మన్. మేముండేది కోనసీమలో ఒక చిన్న ఊళ్ళో, టెలిఫోన్ ఎక్స్ఛేంజి వెనకున్న క్వార్టర్సులో.

కొత్త కేబులు నిండా జెల్లీ ఉంటుంది. తేమ లోపలికి దిగకుండా కూరిన జిగురు. నాన్న ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా అదే. సబ్బుకి లొంగదు, కిరసనాయిలు గుడ్డతో తుడవాల్సిందే. అన్నం పళ్ళెం దగ్గర ఆ వాసన వస్తే అమ్మ మొహం చిట్లించేది. మిగిలిపోయిన తీగ ముక్కలు మాత్రం మా ఆస్తి. అక్క వాటితో గాజులు చేసుకునేది, పక్కింటి అత్తయ్య బుట్టలల్లేది. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఆ అయిదు రంగుల బుట్టొకటి ఉల్లిపాయలతో వేలాడుతూ ఉండేది.

ఎక్స్ఛేంజి లోపలికి చెప్పులతో వెళ్ళకూడదు. గడప దాటగానే ఎడంవైపు బ్యాటరీ గది. రెండేసి వోల్టుల సెల్లులు 24, వరసగా కలిపి 48 వోల్టులు. ఆసిడ్ వాసన ముక్కు పట్టేది. ఊరంతా కరెంటు పోయినా ఫోను మోగేది ఆ గది చలవే, ఎందుకంటే ఫోనుకి కావలసిన కరెంటు కూడా ఆ రాగి తీగలోనే ఇంటికొచ్చేది. కుడివైపు ఎక్స్ఛేంజి బీరువా, మన సి-డాట్ వాళ్ళ డిజైను. 1984లో పెట్టిన ఆ సంస్థ పల్లెటూళ్ళ ఎండకీ దుమ్ముకీ తట్టుకుని, ఏసీ లేకుండా నడిచే చిన్న ఎక్స్ఛేంజిలు తయారు చేయించింది. రెండిటి మధ్యా ఎమ్డీఎఫ్. నిలువెత్తు ఇనప చట్రం. ఒకవైపు ఊళ్ళోంచి వచ్చిన కేబుళ్ళు, రెండోవైపు ఎక్స్ఛేంజి నంబర్లు, మధ్యలో జంపర్ తీగలు. ఎవరి ఇంటి జంటని ఏ నంబరుకి కలపాలో తేల్చేది ఆ జంపరే. ఊరి చుట్టరికాలన్నీ అక్కడ కలిసినట్టుండేవి.

నాన్న పనంతా చెవితోనే. స్తంభమెక్కి టెస్ట్ ఫోను రెండు క్లిప్పులూ తీగలకి తగిలించి వినేవాడు. ఏమీ వినపడకపోతే ఎక్కడో తెగింది. పక్కవాళ్ళ మాటలు వినపడితే రెండు లైన్లు రాసుకున్నాయి. గరగరమంటే ‘లోపల వాన పడుతోంది’ అనేవాడు. అంటే ఏదో జాయింటులోకి నీళ్ళు దిగాయని. 198కి కంప్లయింటు వచ్చిందంటే ముందు నాన్న సైకిలు బెల్లు, తర్వాత ఆయన చెవి. ఒక్కోసారి తీగ చేత్తో పట్టుకుని ఉండగానే ఆ ఇంటికి ఎవరో ఫోను చేసేవారు. రింగు అంటే 75 వోల్టులు. చెయ్యి జిల్లుమనేది. నాన్న పైనుంచే అరిచేవాడు: “అమ్మా, మీకు ఫోనొస్తోందండీ!”

1996 నవంబరు 6న తుఫాను వచ్చింది. నాకప్పుడు అయిదేళ్ళు. రాత్రంతా ఆ గాలి చప్పుడు, తెల్లారాక తల లేని కొబ్బరిచెట్లు గుర్తున్నాయి. నాన్న వారం రోజులు ఇంటికి సరిగా రాలేదు. స్తంభాలు పడిపోయాయి, తీగలు కొబ్బరిమట్టల కింద ఉన్నాయి, ప్రతివాళ్ళూ దూరాన ఉన్న తమవాళ్ళకి ‘బతికున్నాం’ అని చెప్పాలి. దొరికిన జంటని దొరికినచోట కలుపుకుంటూ పోయారు. ఒకే జంట నుంచి రెండు దిక్కులకి లాగినవీ ఉన్నాయి. ఆ తొందరలో వేసిన ఒక ముడి తొమ్మిదేళ్ళ తర్వాత మా నాన్న కాలికి తగిలింది. ఈ కథ ఆ ముడిదే.

నేను పదో తరగతిలో ఉండగా ఎక్స్ఛేంజికి ఒక పెట్టె వచ్చింది. నిలబెట్టిన బియ్యం బస్తా అంత ఉందేమో. ముందు వరసగా ఆకుపచ్చ దీపాలు, వెనక ఆగకుండా తిరిగే ఫ్యాన్లు. పేరు డీఎస్‌ఎల్ యాక్సెస్ మల్టీప్లెక్సర్. స్టాఫంతా ‘డిస్లాం’ అనేవారు. 48 పోర్టులు, అంటే 48 ఇళ్ళకి బ్రాడ్‌బ్యాండ్. ఇన్ని తీగలు ఒకవైపు, అవన్నీ కలిసి బయటికి పోవడానికి రెండోవైపు ఒక్కటే పెద్ద దారి. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. సెకనుకి కనీసం 256 కిలోబిట్లుంటేనే ఆ పేరు. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అంతకుముందున్నది డయలప్. అది ఎంత గింజుకున్నా 56 దాటదు, పైగా నెట్ తెరిచినంతసేపూ ఫోను ఎంగేజ్. ఇది అలా కాదట. మాటా నెట్టూ ఒకేసారి, పాత తీగలోనే.

నాకిది మింగుడుపడలేదు. “ఒకే తీగలో రెండూ కలిసిపోవా నాన్నా?” అని అడిగాను. మేమప్పుడు కాలువ గట్టు మీద సైకిలు మీద వెళ్తున్నాం. నాన్న కాలువకేసి చూపించాడు.

“ఈ నీళ్ళెక్కడికి పోతున్నాయి?”

“చేలకి.”

“మరి మీ తాతల కాలంలో ధాన్యం పడవలు దేన్లో వెళ్ళేవి? ఈ కాలువలోనేగా. పడవెళ్ళిందని ఏ చేనైనా ఎండిందా?”

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని కింద తవ్విన కాలువలు పారుదలకీ పడవలకీ రెండిటికీ పనికొచ్చాయి. లాకులున్నది అందుకే. నాన్న ఇంజినీరింగు చదవలేదు కానీ ఆ పోలిక ఎంత సరైనదో తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది. ఫోనులో మన మాటకి కావలసింది 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా. రాగి తీగ అంతకన్నా ఎన్నో రెట్లు మోయగలదు. దాదాపు 25 కిలోహెర్ట్జ్ పైనుంచి 1100 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ఖాళీలో డేటా నడుస్తుంది. వందేళ్ళుగా అడుగున నీళ్ళు పారుతున్నాయి, పైన పడవ తిరిగే చోటు ఖాళీగానే ఉంది. ఇంట్లో గోడకి కొట్టే స్ప్లిటర్ అనే చిన్న డబ్బా, ఇటు డిస్లాం దగ్గరున్న దాని జోడీ, ఈ రెంటినీ వేరుచేసే లాకులన్నమాట.

డిస్లాం దూరాన్ని ఓర్చుకోదు. నాలుగైదు కిలోమీటర్లు దాటితే పడవ నడవదు. అందుకే ఎవరికి కనెక్షనివ్వాలన్నా కొత్తగా వచ్చిన ఇంజినీరు గారు ముందు నాన్ననే అడిగేవారు. ఏ ఇల్లు ఏ పిల్లరు (కేబుళ్ళు ఇళ్ళవైపు చీలే వీధి పెట్టె) కింద ఉందో, కేబులు రోడ్డు వెంట వెళ్ళిందో చేలకడ్డంగా వెళ్ళిందో, ఏ సంవత్సరం ఎక్కడ తెగి ఎక్కడ అతికారో ఏ కాగితంలోనూ పూర్తిగా లేదు. నాన్న తలలో ఉంది. కోట్లు పెట్టి కొన్న యంత్రాలన్నీ ఆ సైకిలు మనిషి జ్ఞాపకం మీద ఆధారపడటం నాకు గర్వంగా ఉండేది.

లాకుల దగ్గర ఒకాయన నెట్ సెంటరు పెట్టాడు. కువైట్‌లో ఆరేళ్ళు డ్రైవరు పనిచేసి వచ్చాడు. మా వైపు ఊళ్ళల్లో చాలా ఇళ్ళనుంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్‌లకి ఇంటిపనులకి వెళ్తారు. వాళ్ళ పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. ఆ పిల్లలకి అమ్మ మొహం చూపిస్తే వ్యాపారం బాగుంటుందని అతని లెక్క. నాలుగు కంప్యూటర్లు, రెండు వెబ్‌క్యామ్‌లు తెచ్చాడు. ఫోను బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మోడెం మీద డీఎస్‌ఎల్ దీపం మాత్రం నిలవదు. నిమిషం వెలుగుతుంది, మళ్ళీ కొట్టుకుంటుంది.

ఇంజినీరు గారు లాప్‌టాప్ తెచ్చి చూశారు. “అటెన్యుయేషన్ 60 దాటిందండీ, సిగ్నలు దారిలోనే అంత నీరసిస్తోంది. ఇది అయిదు కిలోమీటర్ల లైను. మన చేతిలో లేదు.”

నాన్న వినయంగానే అన్నాడు: “మూడున్నరేనండి. నేను రోజూ తొక్కే దారే కదండి ఇది.”

“యంత్రం అబద్ధం చెప్తుందాండీ?”

“ఆయ్, చెప్పదండి. అదెందుకు అలా అంటోందో చూడాలండి.”

ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు. మంచం మీద కూచుని గాల్లో వేలితో గీతలు గీస్తున్నాడు. తెల్లవారగానే నన్ను లేపి టార్చిలైటు, గునపం పట్టుకోమన్నాడు. లాకులకి ఇవతల మూతపడ్డ రైసుమిల్లు ఉంది. దాని గోడవారన గడ్డి కోసి, మూరెడు లోతు తవ్వితే జాయింటు కనిపించింది. నల్లటి తొడుగు కింద, మట్టి పట్టిన తీగల గుత్తి. నాన్న తొడుగు చీల్చి రంగులు వెతికాడు. పసుపు-ఆకుపచ్చ. పద్దెనిమిదో జంట. లాకుల వైపు వెళ్ళే తీగలకే ఇంకో రెండు తీగలు కలిపి మిల్లు వైపు పోయాయి. మిల్లు మూసినప్పుడు ఆ చివర ఫోను పీకేశారు. మధ్యలో రెండు వందల మీటర్ల తీగ దేనికీ తగలకుండా భూమిలో అలాగే ఉండిపోయింది.

“ఈ జాయింటు నాదే,” అన్నాడు నాన్న. “తుఫానప్పుడు.”

తొమ్మిదేళ్ళుగా ఎవరూ దాని మీద కంప్లయింటు ఇవ్వలేదు. మాటకి అది అడ్డం కాదు. డేటా తరంగం మాత్రం ఆ చచ్చు పాయలోకీ దూరుతుంది, చివర గట్టుకి కొట్టుకుని వెనక్కొస్తుంది, వచ్చి అసలు దారిలో పోయేవాటికి ఎదురు నిలుస్తుంది. కొన్ని పౌనఃపున్యాలు అక్కడే చచ్చిపోతాయి. అది చూసి యంత్రం లైను పొడుగనుకుంది. గుర్రపుడెక్క పట్టిన కాలువలో నీళ్ళు కిందనుంచి పారుతూనే ఉంటాయి, పడవే ఆగుతుంది.

నాన్న మిల్లు వైపు తీగల్ని కత్తిరించాడు. లాకుల తీగలకి కొత్త కనెక్టర్లు పెట్టాడు. అవి చొక్కా బొత్తాల్లా ఉంటాయి, లోపల జెల్లీ. ప్లయరుతో నొక్కితే టిక్కుమంటాయి. రెండు టిక్కులు. తర్వాత నెట్ సెంటరుకెళ్ళి మోడెం ముందు కూచున్నాం. దీపం కొట్టుకోవడం మొదలెట్టింది. ఆ కొట్టుకోవడంలో అది చేసే పనేంటో తర్వాత చదువుకున్నాను. దారిని 250కి పైగా సన్నటి పాయలుగా చీల్చి, ఒక్కోదాంట్లో ఎంత గోలుందో విని, నిశ్శబ్దంగా ఉన్నదాని మీద ఎక్కువ బరువు, గోలగా ఉన్నదాని మీద తక్కువ బరువు పెడుతుంది. అచ్చం నాన్న స్తంభం మీద చేసే పనే, అది క్షణాల్లో చేస్తుంది. దీపం నిలబడింది. ఇంజినీరు గారు లాప్‌టాప్ చూసి, అటెన్యుయేషన్ 48కి దిగిందన్నారు. నాన్నకి చెయ్యిచ్చారు. నాన్న చేతికి మట్టీ జెల్లీ ఉన్నాయి. లుంగీకి తుడుచుకునే లోపే ఆయన పట్టేసుకున్నారు.

కువైట్‌లో శుక్రవారం సెలవు. శుక్రవారం సాయంత్రాలు నెట్ సెంటరు ముందు చెప్పులు గుట్టలుగా ఉండేవి. తెర మీద మొహం ముక్కలుముక్కలుగా కదిలేది, మాట ఒకసారి, పెదవి ఇంకోసారి. ఒక మామ్మ ట్రంకాల్ అలవాటు కొద్దీ తెర ముందు కూడా గొంతు చించుకుని అరిచేది, “తిన్నావా!” అని. అవతల కూతురు వినబడుతోందని చేతులూపేది. చంకలోని పసివాడు మాత్రం తెర వెనక్కి వెళ్ళి వెతికేవాడు.

ఇప్పుడా డిస్లాం లేదు. ఎమ్డీఎఫ్ చట్రం బోసిపోయింది. ఊరి తీగల్లో కొన్నిటిని రోడ్డు వెడల్పు చేసే పొక్లెయిను పీకింది, కొన్నిటిని రాగి కోసం దొంగలు తవ్వుకుపోయారు. ఇంటింటికీ ఫైబరొచ్చింది. వెంట్రుకంత గాజు తీగ, పాత పెట్టె మోసిన దానికి వందల రెట్లు మోస్తుంది. నేను బతుకుతున్నదీ ఆ పనిలోనే.

నాన్న రిటైరయ్యాక కూడా ఇంట్లో ఫోను తీయించలేదు. ఫైబరు డబ్బాకి తగిలించిన పాత సెట్టు, బల్ల మీద అలాగే ఉంది. మొన్న మే నెలలో వెళ్ళాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. విసనకర్ర కోసం లేచిన నాన్న, పాత అలవాటున రిసీవరెత్తి చెవికానించుకున్నాడు. బ్యాటరీ గది రోజుల్లో కరెంటు పోతే ముందు చేసే పని అదే, లైనుందో లేదో వినడం. గాజు తీగ కరెంటు మోయదు. డబ్బా దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. గరగర కూడా లేదు.

కాసేపు విన్నాడు. కిటికీలోంచి వేసవికి ఎండిన కాలువ అడుగు కనబడుతోంది, పిల్లలు అందులో క్రికెట్టాడుతున్నారు.

“కాలువ కట్టేశార్రా,” అని రిసీవరు మెల్లిగా పెట్టేశాడు.