రబ్బరు అందించింది నేనే

తోటి పేరెంట్స్ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మా పాప నాలుగో తరగతి. కిందటి వేసవిలో కర్నూలులో మా వీధి వెంట పెళ్లి ఊరేగింపు వెళ్లింది. పెళ్లికొడుకు ఎక్కిన తెల్ల గుర్రం బ్యాండు చప్పుడుకు బెదిరి ఒక్కసారి ముందుకు దూకింది. ఆ రాత్రే పాప గుర్రం బొమ్మ వేసింది. ముందు కాళ్లు రెండూ ముందుకి, వెనక కాళ్లు రెండూ వెనక్కి బారుగా చాచి ఉన్నాయి. మెడ ఉండాల్సినదానికి రెట్టింపు.

నేను ఊరుకోవచ్చు కదా. ఫోనులో ఫొటో తీసి ముందు పెట్టి, "గుర్రం ఇలా పరిగెత్తదమ్మా, చూసి వెయ్యి" అన్నాను. మూడుసార్లు చెరిపి వేసింది. కొలతలు కుదిరాయి, పరుగు పోయింది. ఆ తర్వాత దసరా దాకా పాప గుర్రం జోలికే పోలేదు.

నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ కెమెరాలు వరసగా పెట్టి, పరిగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం ఉంది, కానీ అప్పుడవి కడుపు కిందికి ముడుచుకుని ఉంటాయి. అంతకుముందు పేరున్న చిత్రకారులూ మా పాపలాగే వేశారు. ఫ్రాన్సు చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ గుర్రపు పందెం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఫొటో లెక్కన అందులో గుర్రాలన్నీ తప్పే. అయినా వేగం ఆ బొమ్మలోనే ఉంది. ఫొటోలో గుర్రం గాల్లో బిగుసుకుపోయినట్టుంటుంది. శిల్పి రోడాన్ కూడా జెరికో పక్షమే. వెనక కాళ్లు నేలను తన్నడం, ముందు కాళ్లు చాచడం వేరువేరు క్షణాలు. మన కన్ను రెండింటినీ కలిపే చూస్తుంది.

ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. చదివించింది మాత్రం పాపే.

దసరా సెలవుల్లో శ్రీశైలం వెళ్లాం. మల్లన్న గుడి ప్రాకారం గోడ నిండా రాతి బొమ్మలు: ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు. క్యూకి ఆలస్యమవుతోందని వాళ్లమ్మ పిలుస్తున్నా పాప గుర్రాల దగ్గర నుంచి కదల్లేదు.

"నాన్నా, వీళ్లకి ఫొటో ఎవరు చూపించారు?" అంది.

తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు దాటేసరికి ఒళ్లో నోటుబుక్కు తెరిచింది. బస్సు కుదుపుల్లోనే గుర్రం వేసింది. లెక్కపెట్టాను, ఆరు కాళ్లు. "ఆరెందుకమ్మా?" అని నోటిదాకా వచ్చింది. ఇంతలో పేజీ తిప్పి రెండో గుర్రం మొదలుపెట్టింది.