నది చుట్టిన పట్నం

చెక్ దేశపు దక్షిణ భాగంలో వల్తావా అనే నది ప్రాగ్ నగరానికి పోయే దారిలో ఒకచోట పాములాగా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల్లో ఉన్న పాత పట్నమే చెస్కీ క్రుమ్లోవ్. "వంకర తిరిగిన పచ్చిక బయలు" అనే అర్థం గల జర్మన్ మాట నుంచి ఈ పేరు వచ్చింది.

ఈ పట్నంలో ఏ వీధిన పోయినా కాసేపటికి నది ఎదురవుతుంది. 2002 ఆగస్టులో వరద వచ్చినప్పుడు ఆ నదే వీధుల్లోకి వచ్చింది. కోట మాత్రం ఎత్తయిన రాతిగుట్ట మీద ఉన్నది. దానిని 1302 నుంచి 300 ఏళ్ళు రోజంబెర్క్ వంశంవారు ఏలారు. కోట బురుజు ఎక్కితే ఎర్ర పెంకుల ఇళ్ళూ, వాటిని చుట్టిన నదీ పటంలో గీసినట్టు కనిపిస్తాయి.

కోటలోని అసలు వింత 1766లో పూర్తి అయిన నాటకశాల. వేదిక కింద పెద్ద కొయ్య ఇరుసు ఉన్నది. మనుషులు దానిని తిప్పితే తాళ్ళు లాగుకుని, పైన రెండు పక్కలా ఉన్న బొమ్మల చట్రాలన్నీ ఒక్కసారే జరుగుతాయి. ప్రేక్షకుల కళ్ళ ఎదుటే అడవి మాయమై రాజసభ వస్తుంది! ఉరుములకూ, వానకూ, గాలికీ కూడా చప్పుడు చేసే యంత్రాలున్నాయి.

అయితే అదంతా కొయ్య, గుడ్డ, తాడు. ఒక్క నిప్పురవ్వ చాలు. వాడితే అరిగిపోతుంది, బొత్తిగా వాడకపోతే దానిని నడిపే విద్య నశిస్తుంది. అందుకే 1966లో మూసి, ఓపికగా బాగుచేసి, 1997లో మళ్ళీ తెరిచారు. నేటికీ చూడవచ్చినవారిని కొద్దికొద్దిమందిగానే లోపలికి తీసుకుపోతారు. నాటకం ఆడటం మాత్రం చాలా అరుదు.