లారీలో కదలని సైకిల్

బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ముందుగా బయటికి వచ్చేవి పాత న్యూస్ పేపర్లు, గోనె సంచులు, కొబ్బరి తాళ్లు. కిందటి ఏడాది సికింద్రాబాద్ నుంచి గువాహటికి వచ్చేటప్పుడూ అంతే. అక్కాతమ్ముళ్లం మేమిద్దరం మా సైకిల్‌ను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. హ్యాండిల్ అటూ ఇటూ ఊగకుండా తిన్నగా పెట్టి తాడుతో బిగించాం. లారీలో ఒక మూలన నిలబెట్టించి, పైన పరుపుల మూట పెట్టించాం. ఇక దానికి ఏ ఢోకా లేదనుకున్నాం.

రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. లారీ తొమ్మిదో రోజున వచ్చింది. నాన్న చౌరస్తాకు వెళ్లి, సామాను దించడానికి ముగ్గురు కూలీలను పిలుచుకొచ్చారు. దించాక చూస్తే సైకిల్ మీద ఒక్క గీత కూడా లేదు. కానీ ఎక్కగానే తేడా తెలిసింది. హ్యాండిల్ సరిగ్గా మధ్యకు రాగానే 'టక్'మని ఏదో గాడిలో పడ్డట్టు ఆగిపోతోంది. బలవంతంగా తిప్పితే తప్ప కదలడం లేదు.

"దించేటప్పుడు కింద పడేసి ఉంటారు" అని ముందు అన్నది మేమే. పడేయలేదని వాళ్లు ఎంత చెప్పినా వినలేదు. మా మాట నమ్మి నాన్న ఒప్పుకున్న కూలీలో మూడు వందలు తగ్గించి ఇచ్చారు. వాళ్లలో పెద్దాయన ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

వారం తర్వాత సైకిల్‌ను ఓవర్‌హాలింగ్‌కు ఇచ్చాం. షాపు మిస్త్రీ ఫోర్క్ ఊడదీసి, బాల్స్ కూర్చునే కింది కప్పును గుడ్డతో తుడిచి మా చేతిలో పెట్టాడు. అందులో వరుసగా చిన్న చిన్న గుంటలు. ఒక్కో బాల్ నిలబడిన చోట ఒక్కో గుంట. వాటి చుట్టూ తుప్పు రంగు పొడి. గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది. "ఇది పడిన దెబ్బ కాదు. పడితే ఫోర్కో హ్యాండిలో వంగాలి కదా! ఇది నిలబడి వణికిన బండి" అన్నాడాయన హిందీలో.

ఆ మాట అర్థం కాక మా ఫిజిక్స్ మేడమ్‌ను అడిగాం. ఆమె చెప్పింది విన్నాక ఇంట్లో తలెత్తుకోలేకపోయాం.

ఎంత నున్నటి ఇనుమైనా దగ్గరగా చూస్తే కొండలూ లోయలూ ఉన్నట్టే ఉంటుంది. రెండు లోహాలు ఆనుకున్నప్పుడు నిజంగా తగిలేది ఆ కొండల కొనలే. బేరింగ్ తిరుగుతుంటే బాల్స్ దొర్లుతూ గ్రీజును అంతటా పూస్తాయి. తిరగకుండా అలాగే ఉండి వణికితే, బాల్ ఉన్నచోటే వెంట్రుక మందం కన్నా తక్కువ దూరం ముందుకీ వెనక్కీ లక్షలసార్లు రుద్దుకుంటుంది. మధ్యలో ఉన్న గ్రీజు పక్కకు పోతుంది. కొనలు అతుక్కుంటాయి, తెగుతాయి. రాలిన పొడి గాలి తగిలి తుప్పుగా మారుతుంది. బయటికి పోయే దారి లేక ఆ పొడే ఆకురాయిలా మళ్లీ ఇనుమును అరగదీస్తుంది. ఈ అరుగుదలను ఫ్రెటింగ్ అంటారు. దీనికి అసలు కారణం ఆ సూక్ష్మమైన జారుడేనని ఇంగ్లండ్‌లో టామ్లిన్‌సన్ అనే శాస్త్రవేత్త 1927లోనే చూపించారు.

1930లలో అమెరికాలో కొత్త కార్లను రైళ్లలో దూరప్రాంతాలకు పంపితే, దిగేసరికే వాటి చక్రాల బేరింగుల్లో గుంటలు కనిపించేవట. ఒక్క రోజు కూడా నడవని కార్లవి! రోడ్డు మీద అన్ని చక్రాలూ తిరుగుతాయి. రైల్లో కట్టేసిన కార్లకు వణుకే తప్ప తిరగడం లేదు. గట్టి బాల్‌ను లోహంలోకి నొక్కి, పడిన గుంటను బట్టి లోహం గట్టిదనాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టింది స్వీడన్ ఇంజనీరు బ్రినెల్. ఈ గుంటలు చూడటానికి అలాగే ఉంటాయి కానీ నొక్కితే పడినవి కావు. అందుకే దీనికి ఫాల్స్ బ్రినెల్లింగ్ అని పేరు.

మరి వణుకు ఘర్షణను పెంచుతుందా అంటే, చాలాసార్లు తగ్గిస్తుంది. ఇంట్లోనే చూశాం. స్టీలు పళ్లెం మీద రూపాయి బిళ్ల పెట్టి, అది జారీ జారకుండా ఉండేంత వాలుగా పళ్లేన్ని ఆనించాం. వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్‌ను పళ్లేనికి తాకించగానే బిళ్ల జరజరా జారిపోయింది. వణికిన ప్రతిసారీ బిళ్లకూ పళ్లేనికీ మధ్య ఒత్తిడి క్షణంపాటు తగ్గి, అతుక్కున్న కొనల పట్టు వదులుతుంది. మంచాల నట్లు దారిలో వదులైపోయేదీ ఇందుకే. పక్కవాటు కదలికలకు మరల పట్టు సడలి, బోల్టు తనంతట తానే తిరుగుతుందని యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో యంత్రం మీద చూపించారు.

అంటే ఘర్షణ తగ్గినంత మాత్రాన అరుగుదల తగ్గినట్టు కాదు. మా సైకిల్‌ను పాడు చేసింది కూలీలు కాదు. రెండేళ్లుగా గ్రీజు పెట్టించని మేము, హ్యాండిల్‌ను కదలకుండా కట్టిన మా తాడు, దాని మీద పెట్టించిన మా పరుపులు.

మనలో చాలామందికి మళ్లీ బదిలీ తప్పదు కాబట్టి ఇది రాస్తున్నాం. బయలుదేరే ముందు బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించండి. సైకిల్ మీద బరువు పెట్టకండి. వీలైతే చక్రాలు విప్పి, బండిని పరుపు మీద పడుకోబెట్టండి. ఒకదానిలో ఒకటి పెట్టే గిన్నెల మధ్య పేపరు వేయండి. అల్యూమినియం గిన్నెల మధ్య కనిపించే నల్లటి పొడి కూడా ఈ రాపిడి వల్ల వచ్చేదే. ఏదైనా పాడైతే, ఎవరినో అనే ముందు విప్పి చూడండి.

కొత్త కప్పు, కొత్త బాల్స్ వేయించాక హ్యాండిల్ ఇప్పుడు హాయిగా తిరుగుతోంది. నాన్న మమ్మల్ని తీసుకుని మూడు ఆదివారాలు ఆ చౌరస్తాకు వెళ్లారు. పెద్దాయన కనిపించలేదు. ఆయన పేరైనా మేం అడగలేదు. మూడు వందలున్న కవరు ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది.